మలేరియాకు పసరు వైద్యమా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో మలేరియాకు మన పెరట్లోనే మందు ఉందని మీరు వేసిన వ్యాసం చదివి, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను. మొన్న మా ఎదురింటాయన ఆ ముక్క కత్తిరించి తెచ్చి, నేలవేము ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మనవడికి మూడు రోజులుగా చలిజ్వరం. రక్తపరీక్ష చేయించారా అంటే లేదట!

మన్యంలో ముప్పై ఏళ్లు మలేరియా స్లైడ్లు చూసి రిటైరైనవాణ్ణి. చెట్టు మందుల మీద నాకు కోపం లేదు. పాత మలేరియా మందు క్వినైన్ సింకోనా చెట్టు బెరడులోదే. ఇప్పటి మలేరియా మందు ఆర్టెమిసినిన్ కూడా ఆకులోంచి వచ్చిందేనని మీ వ్యాసకర్త రాశారు, సంతోషం. కానీ ఎలా వచ్చిందో రాయలేదు. గుప్పెడు ఆకు నీళ్లలో నానేసి పిండి తాగమని చైనా పాత గ్రంథంలో ఉంది. అది చదివిన చైనా శాస్త్రవేత్త తు యూయూ, మరిగిస్తే గుణం పోతోందేమోనని అనుమానపడి, కొద్ది వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో 1971లో సారం తీశారు. ఎలుకల మీద, కోతుల మీద చూశారు. రోగులకిచ్చే ముందు తామే మింగి చూసుకున్నారు. ఇదంతా వదిలేస్తే మిగిలేది పసరే.

మన ఆయుర్వేద మందు ఆయుష్-64 ఊసే లేదెందుకో? ఏడాకుల పాల, గచ్చకాయ వగైరాలతో మలేరియా కోసమే చేసిన మందు. వైవాక్స్ రకం మలేరియా రోగుల్లో మామూలుగా ఇచ్చే మాత్ర క్లోరోక్విన్‌తో పోల్చి చూస్తే 28 రోజులకు దీంతో నయమైనవాళ్లు సగం కూడా లేరు. క్లోరోక్విన్ వేసుకున్నవాళ్లందరికీ తగ్గింది. అదే ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం అయితే, పసరు తాగుతూ కూర్చునే లోపు మెదడుకెక్కుతుంది.

అధికారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆగస్టు 20 వస్తే 1897లో సికింద్రాబాద్‌లో డాక్టర్ రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని ఎలా చూశాడో మైకులో చెబుతారు. ఆనక మురుగుకాలువ మీద పొగ కొట్టి ఫొటోలు దిగుతారు. మన్యంలో మలేరియా దోమ గుడ్లు పెట్టేది కొండవాగు నీళ్లలోనయ్యా అంటే వినేవాడేడీ? రాస్ పటానికి దండకైతే నిధులుంటాయి, ఆసుపత్రిలో మలేరియా పరీక్ష కిట్లకు ఉండవు. పిల్లాణ్ణి నేనే తీసుకెళితే, కిట్లు అయిపోయాయి, స్లైడు తీస్తాం, రిపోర్టు రేపు అన్నారు.

రిపోర్టు ఇవాళ వచ్చింది. వైవాక్స్. మూడు రోజులు క్లోరోక్విన్, పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ రాసిచ్చారు. వాటితోపాటు నేలవేము కషాయం కూడా పట్టొచ్చా అని ఎదురింటాయన ఇందాకే మళ్లీ వచ్చి అడిగి వెళ్లాడు.

- ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, ఉమ్మడి విశాఖ జిల్లా