నీ వీణ ప్లగిన్‌కి తాళం సంగతి

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ శ్రీనూ,

ఎలాగున్నావురా? అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నువ్వు అమ్మబోయే ప్లగిన్ (పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్లో తగిలించుకునే కంప్యూటర్ వీణ) కోసం పంపిన శాంపిల్స్, అదే విడి స్వరాల రికార్డులు, రెండుసార్లు విన్నాను. మంద్రం తీగ మీద మీటు పడ్డాక ఆ పనస కర్ర మోత సన్నగిల్లుతూ సన్నగిల్లుతూ పదో సెకను దాకా వినిపిస్తోంది. ఒకే మొద్దులోంచి తొలిచిన ఏకాండి వీణ కదా మరి. ఆ తోకని మాత్రం ఎక్కడా కత్తిరించకు. జనం డబ్బిచ్చేది దానికే.

ఇక నువ్వడిగింది: కొననివాళ్ళు ప్లగిన్ వాడకుండా వేసే తాళం, దాన్ని పగలగొట్టడం అంటే క్రాక్ సంగతి. "ఎవడూ క్రాక్ చెయ్యలేని తాళం ఏటుందిరా?" అన్నావు. లేదురా. అది ముందే ఒప్పేసుకుంటే నీకు బోలెడు పని తప్పుతుంది.

ఎందుకు లేదంటే, నువ్వు ఎంత గట్టి లెక్కతో లైసెన్స్ పరీక్షించినా చివరికి ప్రోగ్రాంలో ఒక చోట దారి చీలాలి: సరిపోయిందా, లేదా. ఇంటెల్ ప్రాసెసర్ మీద ఆ చీలిక చాలాసార్లు రెండు బైట్లే. మొదటి బైటు హెక్సా (పదహారు అంకెల) లెక్కలో 74, అంటే "సమానమైతే గెంతు" అని. రెండోది ఎంత దూరం గెంతాలో చెప్పే అంకె. ఆ 74 తీసేసి ఈబీ పెడితే "ఏదైనా సరే గెంతు" అయిపోతుంది. ఒక్క బైటు మారింది, తాళం ఊడింది. పరీక్ష పది చోట్ల పెడితే క్రాక్ చేసేవాడికి పది చోట్ల వెతికే పని, అంతే తేడా. ఐలాక్ లాంటి డాంగిళ్ళు, అంటే లైసెన్స్ దాచుకునే యూఎస్‌బీ ముక్కలు, ఆ పనిని బాగా కష్టం చేస్తాయి, నిజమే. కానీ డాంగిల్ ఉన్న ప్లగిన్లకీ క్రాకులు వచ్చాయి. ఏళ్ళ తరబడి డాంగిల్ మీద నడిచిన స్టైన్‌బర్గ్ కూడా 2022లో తన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్ 12తో దాన్ని వదిలేసింది. ఈలైసెన్సర్ అనే ఆ పాత డాంగిల్ లైసెన్స్ సేవని 2025 మే 20న పూర్తిగా మూసేసింది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అయితే కొనకుండా 60 రోజులు దాటినా ఆగదు, కొనమని గుర్తుచేసే కిటికీ ఒకటి చూపించి పని చేస్తూనే ఉంటుంది.

అంచేత నీ తాళం చెయ్యాల్సిన పని చిన్నది. కొన్నవాడు పక్కవాడికి తేలిగ్గా ఇచ్చెయ్యకుండా ఉండాలి. కొన్నవాడికి మాత్రం అడ్డు రాకూడదు. ఈ రెండో మాట దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. అందుకే నా ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే.

సంతకం పెట్టిన లైసెన్స్ ఫైలు పెట్టుకో. లిబ్‌సోడియం లైబ్రరీలో ఈడీ25519 అనే డిజిటల్ సంతకం పద్ధతి ఉంది, అది చాలు. కీల జత తయారు చేస్తే సంతకం సరిచూసే పబ్లిక్ కీ 32 బైట్లు వస్తుంది, అది ప్లగిన్ లోపల ఉంటుంది. సంతకం పెట్టే ప్రైవేట్ కీ నీ దగ్గరే ఉండాలి, అదీ నెట్ తగలని పాత లాప్‌టాప్ మీద. రెండు పెన్‌డ్రైవుల్లో కాపీ తీసి, రెండూ రెండు వేర్వేరు ఇళ్ళలో పెట్టు. అది పోతే కొత్తవాళ్ళకి లైసెన్స్ ఇవ్వలేవు, బయటికి పొక్కితే అందరూ ఇచ్చేస్తారు. ఎవరైనా కొన్నాక వాళ్ళ పేరు, మెయిల్, ఆర్డర్ నంబరు, వెర్షన్ రాసి, దాని మీద 64 బైట్ల సంతకం పెట్టి మెయిల్ చేసెయ్. మొదట్లో ఇదంతా చేత్తో చేసుకోవచ్చు, సర్వర్ అక్కర్లేదు. ప్లగిన్ ఆ సంతకం సరిచూసుకోవడానికి నెట్ కూడా అక్కర్లేదు. రేపు నీ వెబ్‌సైట్ మూతపడినా కొన్నవాడి వీణ పలుకుతూనే ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

దీనికి క్రాక్ చేసేవాడు కీజెన్, అంటే దొంగ లైసెన్సులు పుట్టించే ప్రోగ్రాం, రాయడం కుదరదు, ప్రైవేట్ కీ వాడి దగ్గర లేదు కనక. కానీ ఆ 32 బైట్ల పబ్లిక్ కీని పీకి తన కీ అతికించి, దానికి కీజెన్ చేసుకోగలడు. చేసుకోనీ. దానికి విరుగుడు వెతుకుతూ కూర్చోకు.

మన తెలుగు వాళ్ళకి వచ్చే చిక్కు ఒకటి ఉంది. "శ్రీ" అనే ఒక్క అక్షరం లోపల శ, పొల్లు, ర, ఈత్వం అని నాలుగు ముక్కలు. కంప్యూటర్ అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, వెరసి 12. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి దూరుతుంది. కొనుగోలుదారు పేరులో అది ఉండి, మధ్యలో ఏ మెయిల్ ప్రోగ్రామో దాన్ని మింగేసిందనుకో, పేరు చూడ్డానికి అదే, సంతకం మాత్రం తప్పు. వాడు పదిసార్లు అతికించి పదిసార్లూ "చెల్లదు" అనిపించుకుంటాడు. విండోస్ లైన్ చివర పెట్టే రెండు బైట్లతోనూ ఇదే గొడవ. కాబట్టి పేరూ సంతకమూ అన్నీ కలిపి బేస్64 (ఏ బైట్లనైనా మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలుగా రాసే పద్ధతి) ముద్దగా చేసి పంపు, ముద్దలో వచ్చే ఖాళీలూ కొత్త లైన్లూ చదివేటప్పుడు తీసెయ్. విండోస్‌లో యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్న వాళ్ళుంటారు. ఫోల్డర్ దారిని పాత పద్ధతిలో చదివితే లైసెన్స్ ఫైలే దొరకదు. ఒక తెలుగు పేరు అకౌంట్ చేసుకుని పరీక్షించి చూడు.

పరీక్ష ఎప్పుడు చెయ్యాలన్నది ఇంకో సంగతి. శబ్దాన్ని ఆగకుండా అందించే ఆడియో థ్రెడ్‌లో మాత్రం వద్దు. శబ్దాన్ని సెకనుకి 48,000 ముక్కలుగా (వీటినీ శాంపిల్స్ అనే అంటారు) కొలిచే 48 కిలోహెర్ట్జ్ మీద, విడతకి 128 శాంపిల్స్ బఫర్ అంటే నీకు దొరికేది 2.67 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో ఫైలు తెరవడానికి వెళ్తే, హార్డ్‌డిస్క్ నిద్రలో ఉంటే, టప్‌మని క్లిక్ వస్తుంది. పాడేవాడు మైకు ముందుండగా అది జరిగితే ఆ టేక్ పోయినట్టే. ప్లగిన్ లోడ్ అయ్యాక పక్క థ్రెడ్‌లో ఒకసారి చూసుకుని, ఫలితాన్ని రెండు థ్రెడ్లూ భద్రంగా చదవగల అవును/కాదు గుర్తు, అదే అటామిక్ బూలియన్‌లో పెట్టెయ్.

హోస్ట్, అంటే ప్లగిన్లని నడిపే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, కొత్త ప్లగిన్లని స్కాన్ చేసేటప్పుడు నీ ప్లగిన్‌ని ఒక్క క్షణం తెరిచి మూస్తుంది. అప్పుడే నువ్వు "లైసెన్స్ ఇవ్వండి" అని కిటికీ పెట్టావో, స్కాన్ అక్కడే ఇరుక్కుంటుంది, నీ వీణ పాడైన ప్లగిన్ల జాబితాలోకి పోతుంది. ప్రాజెక్టులో ఇరవై వీణలుంటే ఇరవై కిటికీలు లేస్తాయి. ఆ మాట ప్లగిన్ సొంత విండో తెరిచినప్పుడే, దాని లోపలే చూపించు.

అన్నిటికన్నా ముఖ్యం, లైసెన్స్ లేకపోయినా సెట్టింగులు పోకూడదు. కొన్ని ప్లగిన్లు లైసెన్స్ దొరక్కపోతే ఖాళీ స్టేట్ (సెట్టింగుల మూట) తిరిగిస్తాయి. కొన్నవాడు కంప్యూటర్ ఫార్మాట్ చేసి, లైసెన్స్ పెట్టడం మరిచి, పాత పాట తెరిచి కంట్రోల్ ఎస్ కొట్టాడనుకో, వాడు గమకాలకి పెట్టుకున్న ప్రతి సెట్టింగూ ఆ ఖాళీతో చెరిగిపోతుంది. తర్వాత లైసెన్స్ పెట్టినా ఏమీ తిరిగి రాదు. తాళం శబ్దాన్ని ఆపొచ్చు గానీ, కస్టమర్ పని మీద చెయ్యి వెయ్యకూడదురా.

డెమోకి నిమిషానికి మూడు సెకన్లు నిశ్శబ్దం పెట్టు. ఆ నిమిషాన్ని గడియారంతో కొలవకు, శాంపిల్స్ లెక్కపెట్టు: 48 కిలోహెర్ట్జ్ అయితే 28,80,000. ఎందుకంటే పాటని బౌన్స్ చేసేటప్పుడు, అంటే వేగంగా ఒక ఫైలుగా తీసేటప్పుడు, నాలుగు నిమిషాలది ఇరవై సెకన్లలో అయిపోవచ్చు, నీ గడియారం మేలుకునేలోపు మొత్తం పాట బయటికొచ్చేస్తుంది. క్రాక్ అని అనుమానం వస్తే రహస్యంగా శ్రుతి తప్పించడం, మూడు వారాల తర్వాత ఆగిపోవడం లాంటి టైం బాంబులు పెట్టకు. అనుమానం తప్పై, డబ్బిచ్చినవాడికి తగిలిందంటే వాడు నీ వీణ శ్రుతే బాగోలేదని ఊరంతా చెప్తాడు.

లైసెన్స్‌ని కంప్యూటర్‌కి కట్టెయ్యాలా అన్నావు. వద్దు. మదర్‌బోర్డ్ నంబరు, డిస్క్ నంబరు, నెట్‌వర్క్ అడ్రస్ కలిపి గుర్తు తయారు చేస్తారు. యూఎస్‌బీ వైఫై ముక్క పీకితే గుర్తు మారిపోతుంది. మన పక్క స్టూడియోల్లో పాత మెషీన్లు ఎక్కువ, తేదీ గుర్తుంచుకునే సీమాస్ బ్యాటరీ చచ్చి తేదీ వెనక్కి పోయేవీ ఉంటాయి. అందుకే తేదీతో ముడిపెట్టిన పరీక్షా వద్దు. ప్లగిన్ విండో కింద "ఈ ప్రతి ఫలానా వారిది" అని కొన్నవారి పేరు వేస్తే చాలు, తన పేరున్న ఫైలు పదిమందికి పంచడానికి మనిషి వెనకాడతాడు.

నెట్ ఉంటేనే పలికే పద్ధతి గురించి ఒక్క మాట. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాక మన జిల్లాలో స్తంభాలు ఎలా ఒరిగిపోయాయో నీకు నేను చెప్పక్కర్లేదు. జనరేటర్ పెట్టుకుని కరెంటు తెచ్చుకోవచ్చు, టవర్‌ని తెచ్చుకోలేం. ఐలాక్‌లో కూడా క్లౌడ్ పద్ధతికి నెట్ కనెక్షన్ అలాగే ఉండాలి, లైసెన్స్ కంప్యూటర్‌కో డాంగిల్‌కో ఎక్కిస్తే అక్కర్లేదు. వాళ్ళవి కొనేటప్పుడు కూడా అది చూసి కొను.

శాంపిల్స్‌ని ఎన్‌క్రిప్ట్ చెయ్యడం కూడా దండగ. నీ లెక్క ప్రకారం నాలుగు తీగలు, 24 మెట్లూ ఖాళీ తీగా కలిపి ఒక్కోదానికి 25, వెరసి వంద స్వరాలు. నాలుగు బలాలు, మూడేసి మీటులు అంటే 1,200 ఫైళ్ళు. 24 బిట్ స్టీరియో పది సెకన్లది 2.88 ఎంబీ, మొత్తం దాదాపు 3.5 జీబీ. ఇదంతా విప్పే కీ ప్లగిన్‌లోనే ఉండాలి కదా. పైగా ఎవడైనా ఒక్కో స్వరం వాయించి రికార్డు చేసేసుకోవచ్చు. అన్నీ ఒకే పెద్ద ఫైల్లో కలిపెయ్, అది చాలు.

క్రాక్ వచ్చాక ఏటి చెయ్యాలో కూడా చెప్తాను. మన కాపీరైట్ చట్టంలో 65ఏ అని సెక్షన్ ఉంది, 2012 సవరణలో వచ్చింది, తాళం పగలగొట్టినవాడికి రెండేళ్ళ దాకా జైలు. క్రాక్ అని తెలిసి వాడినవాడికి 63బీ వర్తిస్తుంది. కానీ ఎక్కడో ఉన్నవాడి మీద కేసు వేసి నువ్వు గెలిచేది లేదు. ఫైలు పెట్టిన సైటుకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపు, చట్టం ప్రకారం వాళ్ళు 21 రోజులు దాన్ని ఆపాలి, ఆ తర్వాత కోర్టు ఉత్తర్వు కావాలి. లైసెన్స్ ఫైలు బయటికొస్తే ఆ ఆర్డర్ నంబరుని తర్వాతి అప్‌డేట్‌లో నిరోధించు.

నీ ఊళ్ళో కుర్రాళ్ళు క్రాక్ ప్యాకులు దించుకుంటున్నారన్నావు కదా, వాళ్ళకి ఇది చెప్పు. 2019లో ఈసెట్ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్ళు లౌడ్‌మైనర్ అనే దొంగ ప్రోగ్రాంని బయటపెట్టారు. క్రాక్ చేసిన 137 సంగీత ప్లగిన్లూ సాఫ్ట్‌వేర్లలో అది దాక్కుని, లోపల ఒక చిన్న లినక్స్ వర్చువల్ మెషీన్ నడిపి క్రిప్టో నాణేలు తవ్వేది. సంగీతం కంప్యూటర్లకి ఎటూ ప్రాసెసర్ బాగుంటుంది, ఫ్యాన్ తిరిగినా ప్లగిన్ల బరువే అనుకుంటారు. అందుకే మనవాళ్ళని ఎంచుకున్నారు. డబ్బు లేని కుర్రాడికి వైటల్, సర్జ్ ఎక్స్‌టీ, టీడీఆర్ నోవా లాంటి ప్లగిన్లు ఊరికే దొరుకుతాయి, రీపర్ ఎలాగూ ఉంది.

ముందు ఈ వారం ఒక పని చెయ్. నా పేరు మీద ఒక లైసెన్స్ తయారు చేసి, తెలుగు అక్షరాల్లోనే రాసి, మామూలు మెయిల్లో కాకుండా వాట్సాప్‌లో టెక్స్టుగా పంపు. ఇక్కడ నెట్ తీసేసి, తేదీ 2009కి మార్చి, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పెట్టి చూస్తాను. ఎక్కడ తన్నిందో ఫోన్లో చెప్తాను. రెండో తీగ ఏడో మెట్టు మీద మూడో మీటులో ఏదో గీసుకున్న చప్పుడుంది, అది మళ్ళీ రికార్డు చెయ్.

ఉంటానురా. పిల్లలకి దీవెనలు.

నీ
రాంబాబు