పాత సింప్సన్స్ చూసేముందు తెర సరిచేసుకోండి

సంపాదకులకు,

అమెరికన్ కార్టూన్ సీరియల్ 'ది సింప్సన్స్'ను మొదటి నుంచి చూద్దామనుకునేవారికి ఎవరిని అడిగినా ఒకటే సలహా దొరుకుతోంది: 'మొదటి సీజన్ బొమ్మలు బాగోవు, మూడో సీజన్ నుంచి మొదలుపెట్టండి' అని. దీన్ని మేం ఒప్పుకోలేం. ఆ బొమ్మలు అలా ఉండటానికి కారణాలున్నాయి. పైగా ఇవాళ్టి టీవీల్లో అవి గీసినట్టుగా కనిపించకపోవడం వల్ల లేని చెడ్డపేరు కూడా వచ్చిపడింది.

ముందు తెర సంగతి. 2009 ఫిబ్రవరి దాకా ఈ సీరియల్‌ను వెడల్పు, ఎత్తు 4:3 ఉండే కొలతలో, అంటే పాత డబ్బా టీవీలకు సరిపోయేలా గీశారు. ఇప్పటి టీవీలు 16:9. తెర వెడల్పంతా నిండాలంటే పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగో వంతు కోసేయాలి. 2019 నవంబర్‌లో ఇంటర్నెట్ ద్వారా సినిమాలు, సీరియళ్లు చూపించే డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు పాత ఎపిసోడ్లను అలా కోసే పెట్టారు. దాంతో ఏం పోయిందో నాలుగో సీజన్‌లోని 'డఫ్‌లెస్' చూస్తే తెలుస్తుంది. బీరు ఫ్యాక్టరీలో డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు రకాల బీర్ల పేర్లు రాసి ఉన్న మూడు పెద్ద ట్యాంకులు ఉంటాయి. పైనుంచి ఒకే గొట్టం వచ్చి మూడింటినీ నింపుతుంటుంది. జోకంతా ఆ గొట్టమే! పైభాగం కోసేస్తే ఉత్త ట్యాంకులు మిగులుతాయి, ఎందుకు నవ్వాలో అర్థం కాదు. అభిమానులు గట్టిగా అడిగాక 2020 మే నెలాఖరులో పాత కొలతను తిరిగి ఇచ్చారు.

డిస్నీ ప్లస్‌లో చూసేవారు సీరియల్ పేజీలోని 'డీటెయిల్స్'లోకి వెళ్లి 'రీమాస్టర్డ్ యాస్పెక్ట్ రేషియో'ను ఆఫ్ చేయాలి. అంతటితో అయిపోదు. టీవీ పిక్చర్ సైజు 'జూమ్'లో ఉంటే టీవీయే మళ్లీ కోస్తుంది, 'వైడ్'లో ఉంటే అడ్డంగా సాగదీస్తుంది. డీవీడీ పెట్టినప్పుడు ఈ సాగదీత మరీ ఎక్కువ. సరిగ్గా ఉందో లేదో పోల్చుకోవడం తేలికే. పాత్రల కళ్లు గుండ్రంగా ఉండాలి. కోలగా కనిపిస్తే బొమ్మ సాగినట్టే. ఇంటి ఇల్లాలు మార్జ్ నీలం కొప్పు పైభాగం మాటిమాటికీ తెగుతుంటే కోత పడినట్టే. రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి, వాటిని చూసి కంగారు పడొద్దు.

ఇంకోటి, టీవీ సెట్టింగుల్లో 'మోషన్ స్మూతింగ్' తప్పకుండా ఆపండి. చేత్తో గీసే కార్టూన్‌లో సెకనుకు 24 ఫ్రేములున్నా, చాలాచోట్ల ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలుపుతారు. అంటే సెకనుకు 12 బొమ్మలే. టీవీ వాటి మధ్య లేని బొమ్మల్ని పుట్టించేసరికి గీతల అంచులు అలుక్కుపోతాయి.

ఇక బొమ్మల సంగతి. 1987 ఏప్రిల్ 19 నుంచి 'ట్రేసీ ఉల్‌మన్ షో' అనే టీవీ హాస్య కార్యక్రమంలో చిన్నచిన్న ముక్కలుగా, మొత్తం 48 వచ్చాక 1989 డిసెంబర్ 17న మొదటి అరగంట ఎపిసోడ్ ప్రసారమైంది. నిజానికి ముందు తయారైంది అది కాదు, 'సమ్ ఎన్‌చాంటెడ్ ఈవెనింగ్'. కొరియాలో యానిమేషన్ పూర్తయి వచ్చాక చూస్తే, తలుపులు కూడా రబ్బరులా వంగుతున్నాయి. దాదాపు 70 శాతం మళ్లీ చేయించి, 1990 మే 13న సీజన్ ఆఖర్లో వేశారు. దాని బదులు ఎనిమిదోదిగా తయారైన క్రిస్మస్ ఎపిసోడ్‌ను ముందుకు జరిపారు. గీత ఎలా కుదురుకుందో చూడాలనుకుంటే ప్రసార క్రమం వదిలి, 7జీ01 నుంచి 7జీ13 వరకు నిర్మాణ సంఖ్యల వరసలో చూడండి. 'హోమర్స్ ఒడిస్సీ'లో హోమర్ యజమానికి సహాయకుడైన స్మిదర్స్ ఒంటి రంగు వేరుగా ఉండటం రంగులు వేయడంలో జరిగిన పొరపాటు. ఇంటి పెద్ద హోమర్ గొంతు తేడాగా వినిపించడానికీ కారణం ఉంది: డాన్ కాస్టెలనెటా మొదట్లో నటుడు వాల్టర్ మాథౌను అనుకరించారు, ఆ గొంతులో బలం చాలక తర్వాత మార్చుకున్నారు.

ఇవన్నీ దాటితే 'మోనింగ్ లీసా' లాంటి ఎపిసోడ్ దొరుకుతుంది. మార్జ్ కూతురు, ఎనిమిదేళ్ల లీసాకు కారణం తెలియని దిగులు. మార్జ్ తన తల్లి నేర్పినట్టే ఆ దిగులును లోపలికి తొక్కేసి నవ్వమని చెప్పి బడి దగ్గర దింపుతుంది. లీసా పళ్లికిలించి నిలబడగానే ఒక కుర్రాడు హోంవర్క్ చేసిపెట్టమంటాడు, సంగీతం మాస్టారు సొంత పోకడలు వద్దంటాడు. మార్జ్ కారు వెనక్కి తిప్పుకొచ్చి, పిల్లను లోపలికి లాక్కుని, బాధగా ఉంటే బాధపడమని, తామంతా తోడుంటామని చెబుతుంది. మా దృష్టిలో తర్వాతి సీజన్లలో ఎంత పదునైన హాస్యం వచ్చినా, ఈ నెమ్మది మళ్లీ అంతగా రాలేదు.

మొదటి సీజన్‌లోనే, 'ది టెల్‌టేల్ హెడ్'లో, కొట్టు నడిపే అపూ కూడా వచ్చాడు. భారతీయుడైన ఆ పాత్రకు గొంతు ఇచ్చిన హ్యాంక్ అజారియా భారతీయుడు కాదు. ఆ యాసను పట్టుకుని అమెరికా బడుల్లో మన పిల్లల్ని వెక్కిరించారు. తెలుగు కుటుంబం నుంచి వచ్చిన కమెడియన్ హరి కొండబోలు 2017లో దీనిపై డాక్యుమెంటరీ తీశారు. 2020లో అజారియా ఆ పాత్ర నుంచి తప్పుకున్నారు. పిల్లలతో కలిసి చూసే పెద్దలు ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

చివరిగా కొనేవారికి, వెతికేవారికి ఓ మాట. పాత ఎపిసోడ్ నిడివి 22, 23 నిమిషాలు ఉంటుంది. బాగా తక్కువ ఉంటే అది పునఃప్రసారాల్లో ప్రకటనల కోసం కత్తిరించిన ప్రతి. మైకేల్ జాక్సన్ గొంతు ఉన్న మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌ను 2019 మార్చిలో నిర్మాతలే వెనక్కి తీసుకున్నారు. అది డిస్నీ ప్లస్‌లో కనిపించదు, అంతకుముందు వచ్చిన డీవీడీల్లో ఉంటుంది.

ఇట్లు,
కొందరు కార్టూన్ అభిమానులు,
విశాఖపట్నం