వచ్చే ఏడాది పిక్ ఇప్పుడే ఇచ్చేస్తే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ క్రీడల పేజీలో ఈ మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ మీద వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. ఈ ఆట గురించి తెలుగులో రాసేవాళ్లు తక్కువ, అందుకు ముందుగా ధన్యవాదాలు. కానీ అందులో ఒక మాట నాకు మింగుడు పడలేదు. గొప్ప ఆటగాడు కనబడితే ఉన్న పిక్కులన్నీ ఇచ్చేసైనా పైకి వెళ్లి తెచ్చుకోవాలని, పిక్కులు అట్టిపెట్టుకునే జట్లకు ధైర్యం లేదని రాశారు. పదిహేడేళ్లుగా డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఈ ఆటను ప్రేమించేవాళ్ల మధ్య బతుకుతున్నవాడిగా నా అభ్యంతరం చెప్పాలనుకుంటున్నాను.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఎన్ఎఫ్ఎల్ అనే ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లు. ఏటా వేసవిలోపే కాలేజీ ఆటగాళ్లను ఏడు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. కిందటి సీజన్లో అట్టడుగున ఉన్న జట్టుది మొదటి వంతు, సూపర్ బౌల్ అనే ఫైనల్ గెలిచిన జట్టుది చివరి వంతు. ఆ వంతునే పిక్ అంటారు. దాన్ని వేరే జట్టుకు ఇచ్చి మార్చుకోవచ్చు. ఈ ఏడాదివే కాదు, రాబోయే ఏళ్ల పిక్కులు కూడా ఇవ్వొచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. మన ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ 2023 డిసెంబర్‌లో ప్యాట్ కమిన్స్‌ను 20.50 కోట్లకు కొన్నారు. ఎంత పెద్ద మొత్తమైనా ఆ ఏటి పర్సులోంచే తీశారు. తర్వాతి ఏడాది పర్సు తెచ్చి ఈ వేలంలో పెట్టే వీలు వాళ్లకు లేదు. ఎన్ఎఫ్ఎల్ జట్లకు ఉంది.

దానివల్ల ఏమవుతుందో మా ఊరికి బాగా దగ్గరైన ఒక కథలో చూడొచ్చు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ట్రే లాన్స్ అనే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించే ఆటగాడు) కోసం 12వ పిక్ నుంచి 3వ పిక్‌కు ఎగబాకింది. అందుకు మయామీకి ఆ 12తో పాటు 2022, 2023 మొదటి రౌండ్ పిక్కులు, 2022 మూడో రౌండ్ పిక్ ఇచ్చింది. లాన్స్‌ను ఆ జట్టు ఆట మొదలయ్యేటప్పుడే బరిలోకి దించినవి నాలుగే మ్యాచ్‌లు. 2022లో రెండో మ్యాచ్‌లోనే చీలమండ విరిగింది. 2023 ఆగస్టులో అతన్ని ఒక నాలుగో రౌండ్ పిక్‌కు డాలస్‌కు ఇచ్చేశారు. ఆ సీజన్లోనే అదే శాన్‌ఫ్రాన్సిస్కోను సూపర్ బౌల్ దాకా నడిపించింది 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి 262వ పిక్‌గా వచ్చిన బ్రాక్ పర్డీ. మరి ఆ 12వ పిక్ ఏమైంది? మయామీ నుంచి ఫిలడెల్ఫియాకు, అక్కడి నుంచి డాలస్‌కు వచ్చింది. మా డాలస్ వాళ్లు తమ 10వ పిక్ ఇచ్చి, ఆ 12ను, పైన ఒక మూడో రౌండ్ పిక్‌ను తీసుకున్నారు. అంటే పైకి ఎగబాకలేదు, రెండు మెట్లు కిందికి దిగారు. దిగి తీసుకున్న ఆటగాడు మైకా పార్సన్స్. ఆ ఏడాదే డిఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు.

2012లో వాషింగ్టన్ చేసిన బేరం ఇంకా పెద్దది. రాబర్ట్ గ్రిఫిన్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం ఆ ఏటి 6వ పిక్, రెండో రౌండ్ పిక్, 2013, 2014 మొదటి రౌండ్ పిక్కులు సెయింట్ లూయిస్ రామ్స్‌కు ఇచ్చారు. గ్రిఫిన్ మొదటి ఏడాది అద్భుతంగా ఆడాడు. 2013 జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో మోకాలు దెబ్బతిన్నాక మళ్లీ ఆ మనిషి కాలేకపోయాడు. అతని తప్పు ఏమీ లేదు, ఈ ఆటలో ఎవరి మోకాలికీ హామీ ఉండదు. నన్ను బాధపెట్టేది ఇంకో సంగతి. అప్పుడు కోచ్‌గా ఉన్న మైక్ షానహన్‌ను 2013 డిసెంబర్ చివర్లో తీసేశారు. బాకీ ఉన్న ఆఖరి పిక్ 2014 మేలో రామ్స్ చేతికి చేరేసరికి అది డ్రాఫ్ట్ మొత్తంలో 2వ పిక్ అయింది. బేరంలో ఉన్న కోచ్ వెళ్లిపోయాడు, బాకీ మాత్రం జట్టుకు, దాని అభిమానులకు మిగిలింది. 2014 డిసెంబర్‌లో ఇరుజట్లూ తలపడ్డప్పుడు, ఆ బేరంలోంచి వచ్చిన ఆరుగురు ఆటగాళ్లను రామ్స్ కెప్టెన్లుగా టాస్‌కు పంపింది. మ్యాచ్ 24-0తో గెలిచింది.

ఇంత చెప్పి, అవతలి పక్షం నిజాలు దాస్తే న్యాయం కాదు. అన్ని పిక్కులు దక్కించుకున్న అదే రామ్స్ 2012 నుంచి 2015 దాకా ఒక్క ఏడాది కూడా ఓటముల కంటే ఎక్కువ గెలుపులు చూడలేదు. 2011లో అట్లాంటా జూలియో జోన్స్ కోసం అయిదు పిక్కులిచ్చి 27 నుంచి 6కు వెళ్లింది. జోన్స్ ఆ తరంలోని గొప్ప రిసీవర్లలో (విసిరిన బంతిని అందుకునేవాళ్లలో) ఒకడయ్యాడు, పిక్కులు తీసుకున్న క్లీవ్‌లాండ్ వాటితో బాగుపడింది లేదు. 2017లో కాన్సాస్ సిటీ ప్యాట్రిక్ మహోమ్స్ కోసం 27 నుంచి 10కి ఎగబాకి మూడు సూపర్ బౌల్స్ గెలిచింది. లాస్ ఏంజెలెస్‌కు మారిన రామ్స్ అయితే డెట్రాయిట్‌కు 2022, 2023 మొదటి రౌండ్ పిక్కులిచ్చి క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ను తెచ్చుకుని మొదటి ఏడాదే కప్పు కొట్టింది. మరుసటి ఏడాది 5 గెలుపులు, 12 ఓటములతో కూలబడింది, ఆ ఓటములకు వచ్చిన 6వ పిక్ డెట్రాయిట్‌కు పోయింది. అయినా కప్పు కప్పే, కాదనను.

కాబట్టి పైకి ఎగబాకడమే తప్పని నేను అనడం లేదు. మా డాలస్ 1989లో హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చి పిక్కులు పోగేసింది, మరుసటి ఏడాది ఎమిట్ స్మిత్ కోసం 21 నుంచి 17కు ఎగబాకింది కూడా. గాదెలో ఉన్నదాన్ని ఎలా వాడుకున్నా మంచిదే. విత్తనాలకు అట్టిపెట్టిన వడ్లు వరసగా రెండేళ్లు అమ్ముకోవడం మీదే నా గొడవ.

దీనికి మందు పక్క లీగ్‌లోనే ఉంది. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో రాబోయే వరుస రెండు డ్రాఫ్ట్‌లలో మొదటి రౌండ్ పిక్ లేకుండా పోయేలా ఏ జట్టూ బేరం చేయకూడదు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ బాస్కెట్‌బాల్ జట్టు యజమాని టెడ్ స్టెపియెన్ పిక్కులన్నీ ఇచ్చేసి జట్టును గుల్ల చేస్తే, ఆయన పేరుతోనే ఆ నిబంధన వచ్చింది. అలాంటిది ఎన్ఎఫ్ఎల్‌లోనూ పెట్టాలి. అప్పుడు కూడా మహోమ్స్ బేరం జరిగేది, జూలియో జోన్స్ బేరం జరిగేది. 2025లో జాక్సన్‌విల్ ట్రావిస్ హంటర్ కోసం 5 నుంచి 2కు వెళ్లిన బేరం కూడా కుదిరేది. మూడింటిలోనూ రాబోయే ఏళ్ల మొదటి రౌండ్ పిక్కుల్లో ఇచ్చింది ఒక్కటే. ఆగిపోయేవి లాన్స్, గ్రిఫిన్ బేరాల లాంటివి. స్టాఫర్డ్ బేరానికీ వేరే దారి వెతకాల్సి వచ్చేది, ఆ సంగతి తెలిసే అడుగుతున్నాను. ఆర్థికవేత్తలు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ ఏళ్ల తరబడి డ్రాఫ్ట్‌లు పరిశీలించి ఒక లెక్క తేల్చారు. ఒకే స్థానంలో ఆడేవాళ్లలో ముందు ఎంపికైనవాడు ఆ వెంటనే ఎంపికైనవాడికంటే మెరుగ్గా ఆడే అవకాశం దాదాపు 52 శాతమట. నాణెం ఎగరేసినదానికి కాస్త ఎక్కువ. దానికోసం రెండేళ్ల భవిష్యత్తు ఇవ్వాలా?

ఇది పెద్దల లెక్క మాత్రమే కాదు. 2025 ఆగస్టు 28న డాలస్ పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చేసి, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడిని, 2026, 2027 మొదటి రౌండ్ పిక్కులను తీసుకుంది. మా అబ్బాయికి పన్నెండేళ్లు. పార్సన్స్ 11వ నంబర్ జెర్సీ మడిచి బీరువాలో పెట్టేశాడు, రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మూడో రోజు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాడు. పెన్సిల్‌తో 2026 పక్కన రెండు గీతలు, 2027 పక్కన రెండు గీతలు, అంటే ఏటా మా మొదటి రౌండ్ పిక్ ఒకటి, గ్రీన్ బేది ఒకటి. పాలు తీసుకోవడానికి వెళ్లినప్పుడల్లా వాటిని చూసుకునేవాడు. నవంబర్‌లో క్విన్నెన్ విలియమ్స్ అనే ఆటగాడి కోసం 2027 మొదటి రౌండ్ పిక్ ఒకటి, 2026 రెండో రౌండ్ పిక్ ఇచ్చేశారని తెలిసి, స్కూల్ బ్యాగ్ దించకుండానే రబ్బరు తెచ్చి 2027 పక్కన ఒక గీత చెరిపాడు. అక్కడ కాగితం పలచబడి వెనకాల ఫ్రిజ్ రంగు కనబడుతోంది. రెండో గీత అలాగే ఉంది. దాన్ని కూడా ఇచ్చేస్తారా నాన్నా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

జట్టు యజమానిది, మనకెందుకు అనేవాళ్లు ఉంటారు. డాలస్ జట్టు ఆడే ఆర్లింగ్టన్‌లోని స్టేడియం కోసం 2004 నవంబర్‌లో ఆ ఊరి ఓటర్లు డాలరుకు అర సెంటు అమ్మకపు పన్ను ఒప్పుకున్నారు. ఊరి వాటా 325 మిలియన్ డాలర్లు. అక్కడ దుకాణంలో బట్టలు కొన్న ప్రతివాడూ అందులో భాగస్వామే.

మన దగ్గరా ఇది కొత్త కాదు. ప్రో కబడ్డీ తొమ్మిదో సీజన్లో తమిళ్ తలైవాస్ పవన్ సెహ్రావత్‌ను రికార్డు ధరకు కొంటే మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. కుర్రాళ్లు ఆ జట్టును సెమీఫైనల్‌కు తీసుకెళ్లారు. మరుసటి సీజన్లో మన తెలుగు టైటాన్స్ అతన్ని 2.605 కోట్లకు తెచ్చుకుని 22 మ్యాచ్‌లలో రెండే గెలిచింది. పవన్ బాగానే ఆడాడు, చుట్టూ ఆడేవాళ్లు సరిపోలేదు.

ఎన్ఎఫ్ఎల్‌లో నిబంధన మార్చాలంటే 32 మంది యజమానుల్లో 24 మంది ఓటు కావాలి. ఈ ఉత్తరంలోని విషయాన్నే ఇంగ్లీషులో రాసి లీగ్‌కు, మా ఊరి జట్టు ఆఫీసుకు పంపుతున్నాను. ఇక్కడి తెలుగు అభిమానులు కూడా రాయాలని కోరుతున్నాను. మీకు నా విన్నపం ఒకటే. ఈసారి డ్రాఫ్ట్ వార్త వేసేటప్పుడు ఫలానా జట్టు ఫలానా ఆటగాడిని దక్కించుకుందని రాసి ఊరుకోకండి. అందుకు ఏ ఏడాది పిక్కులు పోయాయో కూడా ఆ పక్కనే అంకెలతో సహా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఇర్వింగ్, టెక్సాస్