బడి బస్సు రావడం మానేసిన మర్నాడు

సంపాదకులకు,

వైకల్యం ఉన్న పిల్లల చదువు మీద పత్రికల్లో వచ్చే కథనాలు చాలావరకు బడిలో చేర్చుకున్నారా, ర్యాంపు కట్టారా, ప్రత్యేక టీచరు ఉన్నారా అన్న ప్రశ్నల దగ్గరే ఆగిపోతాయి. అవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ బడి బస్సు ఇంటి ముందు ఆగడం మానేసిన మర్నాడు ఆ కుర్రాడు పొద్దున్నే లేచి ఎక్కడికి వెళతాడు, ఎవరితో మాట్లాడతాడు అన్నది ఎవరూ రాయరు. ప్రత్యేక విద్య, థెరపీ, వృత్తి శిక్షణ రంగాల్లో పనిచేస్తున్న మేము రాస్తున్నది ఆ మర్నాటి గురించి.

బడిలో ఉన్నన్నాళ్లూ పిల్లవాడికి కావలసినవి ఒకే కప్పు కింద ఉంటాయి. టీచరు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఆయా, బస్సు అన్నీ అక్కడే. బడి అయిపోగానే అవి అయిదారు చోట్లకు చెదిరిపోతాయి. వైద్యం ఒకచోట, శిక్షణ ఇంకోచోట, ఉద్యోగం మరోచోట. ప్రతిచోటా కొత్త దరఖాస్తు, కొత్త అర్హత, కొత్త వరస. చట్టాలకు ఈ అగాధం తెలియక కాదు. అమెరికా తన ప్రత్యేక విద్యా చట్టంలో 1990లోనే ఈ దశకు సేవలు చేర్చింది. 2004 సవరణ ప్రకారం 16 ఏళ్లు వచ్చేసరికి చదువు తర్వాతి లక్ష్యాలు విద్యార్థి ప్రణాళికలో రాసి ఉండాలి. ఇంగ్లండ్ 2014 చట్టంతో విద్యా, ఆరోగ్య ప్రణాళికను 25 ఏళ్ల దాకా కొనసాగించే వీలు కల్పించింది. మన 2016 వైకల్య హక్కుల చట్టం 18 ఏళ్ల దాకా ఉచిత విద్యకు హామీ ఇస్తుంది. నైపుణ్య శిక్షణ, ఉపాధి సంగతి వేరే అధ్యాయం. ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి పిల్లవాణ్ని చెయ్యి పట్టుకుని దాటించే మనిషి మాత్రం చట్టంలో కనిపించడు. ఆ మనుషులను ముందే పోగుచేసుకోవాలి. బడి చివరి ఏడాదిలో మొదలుపెడితే ఇల్లు కాలాక బావి తవ్వినట్టే.

ఎప్పుడు మొదలుపెట్టాలో వెనకనుంచి లెక్కేస్తే తేలుతుంది. బడి చివరి ఏడాదికల్లా పిల్లవాడు నిజమైన చోట నిజమైన పని చేస్తూ ఉండాలి. దానికి ముందు ఏడాది రెండు మూడు రకాల పనిచోట్లు రుచి చూడాలి. అక్కడికి వెళ్లాలంటే అంతకు ముందే ప్రయాణం రావాలి. ప్రయాణంలో చిక్కుపడితే సాయం అడగడానికి మాటో, వేలితో చూపి మాట చెప్పే బొమ్మల బోర్డో అంతకంటే ముందే చేతికి రావాలి. మొత్తం నాలుగేళ్లు. అందుకే అమెరికా చట్టం 16 అన్నా మేము 14 అంటాం.

ఇలా చెయ్యి పట్టుకుని దాటించే బృందంలో ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. మొదటి కుర్చీ విద్యార్థిది. తర్వాత ఇంటివాళ్లు, పిల్లవాణ్ని బాగా ఎరిగిన టీచరు ఒకరు, ఉపాధి లేదా శిక్షణ కేంద్రం నుంచి ఒకరు, పని ఇవ్వగల యజమాని ఒకరు, సాటి వయసు స్నేహితుడు ఒకరు. దాదాపు ప్రతిచోటా మరచిపోయే మనిషి ఇంకొకరున్నారు. అలాంటి వైకల్యంతోనే పెరిగి పెద్దయి, బతుకు నడుపుకుంటున్న వ్యక్తి. ఏ కార్యాలయంలో లిఫ్టు పనిచేయదో, ఇంటర్వ్యూలో వైకల్యం గురించి ఎంతవరకు చెప్పాలో నిపుణులకంటే వారికే బాగా తెలుసు. అన్నదమ్ములనూ, అక్కచెల్లెళ్లనూ పిలవాలి. అమ్మానాన్నల తర్వాత వాళ్లే చూసుకుంటారని అందరూ అనుకుంటారు తప్ప, ఏం చేయగలరో, ఏం చేయలేరో వాళ్లనే ఎవరూ అడగరు.

మొదటి సమావేశం చెడిపోయేది కూర్చునే తీరులోనే. ఒకవైపు పదిమంది నిపుణులు, ఎదురుగా తల్లి, మూలన పిల్లవాడు. అలా కూర్చుంటే అది విచారణ అవుతుంది. ప్రశ్నలు వారం ముందే ఇంటికి పంపాలి. గంటా పావు మించకూడదు. మొదటి పది నిమిషాలు విద్యార్థివి. మాట రాని పిల్లలైతే, వాళ్లకు నచ్చిన రోజు ఎలా ఉంటుందో చూపే పది ఫొటోలో రెండు నిమిషాల వీడియోనో వాళ్ల వంతు మాట్లాడతాయి. ‘స్వావలంబన పెంపొందించుట’ అని రాస్తే అది లక్ష్యం కాదు, ఫైలుకు నైవేద్యం. ‘మార్చి నెలాఖరుకు, వారంలో నాలుగు రోజులు, ఎవరూ గుర్తు చేయకుండా బ్యాగు సర్దుకుని ఎనిమిదింటికి బస్‌స్టాపులో ఉండాలి’ అని రాస్తే, జరిగిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. ప్రతి నిర్ణయం పక్కన మనిషి పేరు, చేయాల్సిన పని, తేదీ ఉండాలి. సంస్థ పేరు రాయకూడదు. ‘స్కూలు చూసుకుంటుంది’ అంటే ఎవరూ చూసుకోరనే. లేచే ముందే వచ్చే సమావేశం తేదీ ఖాయం చేసుకోవాలి. మామూలుగా మూడు నెలలకొకసారి, చివరి ఏడాది నెలకొకసారి.

ఇదంతా నడిపించే బాధ్యత ఒక్కరిదే కావాలి. ఆ ఒక్కరు పెద్ద హోదా ఉన్నవారు కానక్కర్లేదు, ఫోనెత్తేవారైతే చాలు. వారికి తోడుగా రెండో మనిషి పేరు మొదటి రోజే కాగితం మీదికెక్కాలి. ఇలాంటి బృందాలు ఎక్కువగా కూలేది గొడవలతో కాదు, బదిలీలతో. సమన్వయకర్త వేరే ఊరు వెళ్లగానే ఫైలు బీరువాలోకి పోతుంది, మిగతావారు ఎవరికి వారే యమునా తీరే. ఫోన్లో గ్రూపు పెట్టాం కదా అంటారు. గ్రూపులో ‘సరే’ అన్నవాళ్లు ఎనిమిది మంది, చేసినవాళ్లు సున్నా. పైగా వైద్య ధ్రువపత్రాలు, పిల్లవాడి ఫొటోలు అందులో తిరుగుతూ ఉంటాయి. ఎవరికి ఏది తెలియాలో విద్యార్థిని అడిగి ముందే రాసుకోవాలి. యజమానికి జబ్బు పేరు అక్కర్లేదు, ‘పని నోటితో కాకుండా రాసి చెప్పండి’ అన్న ఒక్క ముక్క చాలు.

ఇక అసలు శ్రమ నేర్పడంలో ఉంది. తరగతిలో వచ్చిన పని బయట రాదు. బొమ్మ నోట్లతో చిల్లర లెక్కపెట్టిన పిల్లవాడు, వెనక వరస పెరిగిన కౌంటరు దగ్గర బిగుసుకుపోతాడు. అందుకే ఏ పని ఎక్కడ చేయాలో అక్కడే నేర్పాలి. బస్సు ప్రయాణాన్నే తీసుకుంటే, ఇంటి గడప దాటడం నుంచి దిగాల్సిన స్టాపులో దిగడం దాకా పదిహేను నుంచి ఇరవై అడుగులు తేలతాయి. ముందుగా ఏమీ నేర్పకుండా రెండుసార్లు తీసుకెళ్లి, ఏ అడుగు సొంతంగా వేస్తున్నాడో, ఎక్కడ ఆగుతున్నాడో గుర్తు పెట్టుకోవాలి. ఆగిన చోట వెంటనే చెప్పేయకుండా అయిదు సెకన్లు ఆగాలి. శిక్షకులకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే. తర్వాత సైగ, అదీ చాలకపోతే మాట, ఆఖరున చెయ్యి పట్టడం. ప్రతి అడుగు పక్కన ఏ సాయం పట్టిందో ఒక్క అక్షరం వేసుకుంటూ పోతే రెండు వారాల్లో చిక్కు ఎక్కడుందో కాగితమే చెబుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది తోడు తగ్గించడంలో. మొదట పక్క సీటులో, తర్వాత రెండు వరసల వెనక, తర్వాత బస్సెక్కించి దిగే స్టాపులో ఎదురుచూడటం, ఆ తర్వాత ఫోను మాత్రమే. ప్రతి మెట్టు దగ్గరా వరసగా మూడు రోజులు తప్పు లేకుండా జరిగితేనే తర్వాతి మెట్టు. ఆయా ఎప్పుడూ పక్కనే ఉండి ‘ఇదిగో మన బస్సు, పద’ అంటుంటే పిల్లవాడు బస్సు నంబరు చూడటం నేర్చుకోడు, ఆయా మొహం చూడటం నేర్చుకుంటాడు. ఆమె రాని రోజు నేర్చినదంతా పోయినట్టు కనిపిస్తుంది. నిజానికి పోయిందేమీ లేదు, అతను నేర్చుకున్నదే వేరు. ఇంకో విషయం. బస్సు తప్పినప్పుడు ఏం చేయాలో తోడున్నప్పుడే సాధన చేయించాలి. కావాలనే వేరే బస్సెక్కించి, దిగి, ఫోను చేసి, ఎక్కడున్నానో చెప్పడం నాలుగైదుసార్లు అయ్యాకే ఒంటరిగా పంపాలి. తల్లిదండ్రుల భయం అర్థంలేనిది కాదు. ఆ సాధన కళ్లారా చూశాకే వాళ్లు చెయ్యి వదులుతారు.

చదువుకునే రోజుల్లోనే జీతానికి పనిచేసిన పిల్లలు తర్వాత ఉద్యోగంలో నిలిచే అవకాశం ఎక్కువని పరిశోధనలు ఏళ్లుగా చెబుతున్నాయి. 1996లో అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలై ఇతర దేశాలకూ పాకిన ప్రాజెక్ట్ సెర్చ్ అనే ఉద్యోగ శిక్షణ కార్యక్రమం ఆ దారిదే. చదువు చివరి ఏడాదంతా తరగతి గది పనిచోటులోనే ఉంటుంది, విద్యార్థి మామూలుగా మూడు విభాగాల్లో వంతులవారీగా పనిచేస్తాడు. అంత పెద్ద సంస్థ దొరకకపోయినా పద్ధతి అదే. ఆరు నుంచి ఎనిమిది వారాల చొప్పున మూడు వేర్వేరు చోట్లు చూడాలి. మూడూ ఒకలాంటివైతే తెలిసేదేమీ ఉండదు. ఒకటి నిలబడి చేసేది, ఒకటి కూర్చుని చేసేది, ఒకటి మనుషులతో మాట్లాడేది అయితే మేలు. పని రాకపోవడం కంటే చప్పుడు, వెలుతురు, విరామం లేకపోవడం, గదుల మధ్య దూరం వల్ల మానేసేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. అవి మొదటి వారంలోనే రాసుకోవాలి.

యజమానిని జాలి అడగకూడదు. అతని దగ్గర చేయాల్సినవాళ్లు చేయలేక మిగిలిపోతున్న పనులేమిటో అడగాలి. నిపుణురాలైన ఉద్యోగి రోజుకు రెండు గంటలు కాగితాలు స్కాన్ చేస్తుంటే, ఆ రెండు గంటలూ విడదీసి ఒక ఉద్యోగంలో భాగం చేయవచ్చు. పనిచోట పని నేర్పడానికి కుర్రాడి వెంట వచ్చే జాబ్ కోచ్ మొదటి రోజు నుంచే తాను వెళ్లిపోయే రోజుకు సిద్ధపడాలి. పని కుర్రాడికి నేర్పడంతోపాటు, ఎలా చెప్పాలో పక్క టేబులు ఉద్యోగికి నేర్పాలి. కోచే అన్నీ చక్కబెడితే తోటివాళ్లు కుర్రాడితో మాట్లాడరు, కోచ్‌తోనే మాట్లాడతారు. కోచ్ వెళ్లిన మూడో వారంలో ఉద్యోగమూ వెళుతుంది. యజమానులు నిజంగా కోరేది ఒక్కటే. చిక్కొస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఒకే నంబరు.

చిన్నవిగా కనిపించి దెబ్బతీసేవి కొన్నున్నాయి. మాట్లాడటానికి వాడే ట్యాబు బడిదైతే చివరి రోజు బడికే తిరిగి వెళుతుంది. అంటే ఆ రోజుతో పిల్లవాడి గొంతు పోతుంది. అది ఎవరి పేరు మీద ఉందో ఏడాది ముందే చూసుకోవాలి. అందులోని మాటలూ చూడాలి. ఇరవై ఏళ్ల యువతి బోర్డులో ఏనుగు, గాలిపటం ఉండి, ‘నన్ను ముట్టుకోవద్దు’, ‘ఇక్కడ నొప్పి’, ‘నా జీతం ఎంత’ లేకపోతే అది ఆమె బోర్డు కాదు.

పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరు దగ్గరకు మారేటప్పుడు మందులు, మోతాదులు, పడనివి, ఫిట్స్ వస్తే చేయాల్సినవి ఒక్క పేజీలో ఉండాలి. మొదటిసారి వెళ్లినప్పుడు పాత డాక్టరు ఇంకా అందుబాటులో ఉండాలి. రెండు మూడేళ్ల ముందు నుంచే డాక్టరుతో మొదటి అయిదు నిమిషాలు విద్యార్థి ఒంటరిగా మాట్లాడటం అలవాటు చేయాలి.

18 నిండితే తల్లిదండ్రుల సంతకం చెల్లని సందర్భాలు మొదలవుతాయి. కంగారుపడి చాలామంది నేరుగా అన్ని నిర్ణయాలూ సంరక్షకుడికే అప్పగించే పూర్తి గార్డియన్‌షిప్‌కు వెళతారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వైకల్య హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెప్పేది మరొకటి. నిర్ణయం వ్యక్తిదే, దాన్ని తీసుకోవడానికి కావలసిన సాయం అందించాలి. ఏ నిర్ణయం తానే తీసుకోగలడు, దేనికి ఎవరి సలహా కావాలి, దేనికి సంతకం తోడు కావాలి అన్న పట్టిక రాసుకుంటే, కోర్టు దాకా వెళ్లాల్సిన విషయాలు అనుకున్నదానికంటే తక్కువే ఉంటాయి.

బడి వదిలే రోజు చేతికివ్వాల్సింది మార్కుల పత్రం ఒక్కటే కాదు. ఏం చేయగలడు, ఏ సాయంతో చేయగలడు, ఏ పద్ధతి పనిచేయలేదు అన్నది రెండు పేజీల్లో ఇవ్వాలి. అమెరికా చట్టం ఇలాంటి పత్రాన్ని తప్పనిసరి చేసింది. ‘ఏది పనిచేయలేదు’ అన్న భాగం లేకపోతే కొత్త చోట అవే తప్పులు మళ్లీ ఏడాది పాటు జరుగుతాయి.

తర్వాత మూడు, ఆరు, పన్నెండు నెలలకు ఒకరు ఫోన్ చేసి, వెళ్లి చూడాలి. ఉద్యోగం ఉందా అని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది. వారంలో మనిషి మెలకువగా ఉండేది దాదాపు 110 గంటలు. ఇరవై గంటల ఉద్యోగం దొరికినా తొంభై మిగులుతాయి. ఏడు రోజుల గడుల కాగితం మీద ఆ తొంభై గంటలు నింపి చూస్తే, టీవీ ముందు ఎన్ని, మనుషుల మధ్య ఎన్ని అన్నది బయటపడుతుంది. స్నేహితుడి కుర్చీ మొదటి రోజే వేయమన్నది ఇందుకే.

పరీక్షా ఫలితాలప్పుడు మీ విలేకరులు బడులకు వెళతారు. ఈసారి ప్రత్యేక విద్యార్థులున్న ప్రతి బడినీ ఇంకొక్కటి అడగమని మా కోరిక: కిందటేడు మీ దగ్గర చదువు ముగించిన పిల్లలు ఇప్పుడు పనిలో ఉన్నారా, శిక్షణలో ఉన్నారా, ఇంట్లోనే ఉన్నారా? వచ్చిన జవాబులు అచ్చు వేయండి. ‘మాకు తెలియదు’ అన్న జవాబునూ వేయండి.

ఇట్లు,
ప్రత్యేక విద్య, థెరపీ, వృత్తి శిక్షణ రంగాల్లో పనిచేస్తున్న కొందరు