తీసిన సినిమా మాకూ చూపించండి

సంపాదకుడు గారికి,

గత వేసవిలో, చేపల వేట నిషేధం రోజుల్లో (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14), మా పెదజాలారిపేటకు కొందరు కుర్రాళ్లు డాక్యుమెంటరీ తీయడానికొచ్చారు. ‘మమ్మల్ని పట్టించుకోకండి, మీ పని మీరు చేసుకోండి’ అన్నారు. మూరెడు మైకు మొహం మీద పెట్టి పట్టించుకోవద్దంటే ఎలా? వలలు బాగుచేసుకుంటూ నోటికొచ్చినట్టు తిట్టుకునే మావాళ్లంతా ఒక్కసారిగా పెద్దమనుషులైపోయారు! కాసేపటికి ఆ కుర్రాళ్లే ‘ఆ వల ఇంకోసారి దులపండి’ అన్నారు. ఆ సినిమా మాకింతవరకు ఎవరూ చూపించలేదు.

ఇది కొత్త సంగతేం కాదు. 1922 నాటి ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ డాక్యుమెంటరీలో వెలుతురు చాలదని దర్శకుడు ఫ్లాహెర్టీ సగం ఇగ్లూయే (మంచు ఇల్లు) కట్టించి లోపలి సీన్లు తీశాడు. 1960ల్లో తేలికపాటి 16 ఎం.ఎం. కెమెరాలు రావడంతో అమెరికాలో కొందరు ఏమీ అడగకుండా ఓ మూల నిలబడి తీయడం మొదలుపెట్టారు. పారిస్‌లో జాన్ రూష్, ఎడ్గార్ మోరాన్ అనే ఇద్దరు దర్శకులు అలా కాదు. ‘మీరు సంతోషంగా ఉన్నారా?’ అని దారిన పోయేవాళ్లను అడిగించారు. తీసింది అందులో ఉన్నవాళ్లకే వేసి చూపించి, వాళ్ల విమర్శలు కూడా 1961లో వచ్చిన సినిమాలోనే పెట్టారు.

నాకు ఈ పద్ధతే నచ్చింది. మూల నిలబడినవాడైనా ఎడిటింగులో ఏది ఉంచాలో తనే తేలుస్తాడు కదా.

ఆ కుర్రాళ్లు ఇది చదివితే ఒక్కటే మనవి. మళ్లీ రండి బాబూ, గోడకు తెల్ల దుప్పటి కట్టి ఆ సినిమా వేయండి. టీ ఖర్చు మాది.

– ఒక పాఠకుడు, పెదజాలారిపేట, విశాఖపట్నం