గిడుగు వారికి ఒక దండ, ఒక ముక్క చాలునా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆగస్టు 30న మీ జిల్లా అనుబంధంలో వచ్చిన తెలుగు భాషా దినోత్సవం వార్త గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒకరు రాస్తారు కదా అని వారం పైగా ఆగాను. వేదిక మీద కూర్చున్న పదకొండు మంది పేర్లనూ హోదాలతో సహా అచ్చువేసి, ఎవరి జయంతి పేరిట వారంతా శాలువాలు కప్పుకున్నారో ఆ గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారికి మాత్రం ‘వ్యవహారిక భాషోద్యమ పితామహుడు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. అందులోనూ దోషమే, జనం వాడుకలో ఉన్న భాషను వ్యావహారికం అనాలి. సభలో కట్టిన ఫ్లెక్సీ మీద కూడా అదే తప్పు ఉంది కనుక మీ విలేకరి అక్కడి నుంచే ఎత్తి రాసి ఉంటారు.

ఆ సభకు నేనూ వెళ్లాను. పిల్లలకు పెట్టిన వ్యాసరచన పోటీ అంశం ‘ఆంధ్రభాషా వైభవ ప్రాశస్త్యము’. ఏ గ్రాంథిక భాషలో పాఠాలు చెప్పవద్దని గిడుగు వారు జీవితమంతా పోట్లాడారో, ఆయన పుట్టినరోజున ఆ భాషలోనే ప్రశ్న ఇవ్వడానికి ఎంత ప్రతిభ కావాలో ఆలోచించండి. ముఖ్య అతిథి గారు ‘మన మదర్ టంగ్‌ను ప్రొటెక్ట్ చేసుకోవాలి’ అని సెలవిచ్చి, ఇంకో మీటింగు ఉందంటూ కారెక్కారు. నాలుగు రోజుల తరువాత అటుగా వెళితే విగ్రహం మెడలో దండ ఎండి నారగా వేలాడుతోంది. 1966లోనే అధికార భాషా చట్టం చేసుకున్న మనం, తెలుగులో రాసిన అర్జీని ఇంగ్లీషులో రాసి తెమ్మని తిప్పి పంపే కార్యాలయాలను కూడా నడుపుకుంటున్నాం. నాకే జరిగింది, గత వేసవిలో.

అసలు బాధ అది కాదు. ఆ సభలో గంటన్నర పాటు మాట్లాడినవారిలో ఒక్కరూ ‘సవర’ అన్న గిరిజన తెగ పేరు ఎత్తలేదు. మీ వార్తలోనూ లేదు. పర్లాకిమిడి రాజావారి బడిలో 1880లో నెలకు 30 రూపాయల జీతానికి చేరిన మాస్టారికి కొండల్లోని సవరలతో పనేమిటి? పై అధికారులు చెప్పారా, జీతం పెరుగుతుందా? తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, అతని దగ్గర ఒక్కొక్క మాటా పట్టుకున్నారు. అప్పటికి రాతలో లేని ఆ భాషలో తానే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆ కొండల్లో తిరిగితే వచ్చిన మన్యపు జ్వరానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని తీసుకుపోయింది. నోటి మాట విని రాసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోయాయన్నమాట. అయినా మానలేదు. సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది, నిఘంటువు ఆ తరువాత వచ్చింది. వ్యాకరణం వెలువడేనాటికే ఆయనకు డెబ్బై దగ్గరపడుతున్నాయి.

సవర పిల్లవాడికి సవరలోనే చెప్పాలన్న పట్టుదలే తెలుగు పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి వ్యావహారిక వాదమైంది. గ్రాంథికం పక్షాన నిలిచిన జయంతి రామయ్య పంతులు వంటి ఉద్దండులతో తలపడి, 1919లో ‘తెలుగు’ అనే పత్రికను నడిపి, పండితుల గ్రాంథికంలోని తప్పులను వారి పుస్తకాల నుంచే ఏరి చూపించారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు, అందుకు నిరసనగా అర్ధ శతాబ్దానికి పైగా ఉన్న ఊరిని వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. ఇవాళ మనం నమ్మిన మాట కోసం ఒక బదిలీని కూడా భరించలేం, అది వేరే సంగతి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సీతంపేట కొండల వైపు ఒక బడిలో పనిచేశాను. ఒకటో తరగతిలో ఒక సవర పిల్లవాడు నెల రోజుల పాటు నోరు విప్పకపోతే మూగవాడేమో అనుకున్నాను. ఒకనాడు విరామ సమయంలో చింతచెట్టు కింద తోటివాళ్లతో గలగలా మాట్లాడుతూ కనిపించాడు. నన్ను చూడగానే మళ్లీ మూగవాడైపోయాడు. గిడుగు వారు పోయి అప్పటికి నలభై ఏళ్లు దాటింది, నాకు మాత్రం ఒక్క సవర మాట కూడా ఎవరూ నేర్పి పంపలేదు. నేనై నేర్చుకోవాలన్న బుద్ధీ అప్పటిదాకా పుట్టలేదు. సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెట్టే కార్యక్రమం మన రాష్ట్రంలో 2004లో గానీ రాలేదు. అది ఇప్పుడు ఏ బడిలో ఎలా నడుస్తోందో వెళ్లి చూసి రాస్తే, శాలువాల ఫొటోల కంటే మీ పాఠకులకు ఉపయోగపడుతుంది.

మీ పత్రికకే ఎందుకు ఇంత రాస్తున్నానంటే, ఆయన తన ‘తుది విన్నపం’ చేసుకున్నది పత్రికల వారికే. 1940 జనవరి 15న, ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో. సరిగ్గా వారానికి కన్నుమూశారు. ఇవాళ మీరు వార్త రాస్తున్న తెలుగు ఆ విన్నపంలో అడిగినదే. ‘వ్యవహారిక’కు మీరు ఎలాగూ ఒక సవరణ వేయాలి. అందులోనే సవరల కోసం ఆయన చేసిన పని గురించి నాలుగు వాక్యాలు చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా