కాశీలో పడవ ఎక్కితే హారతితోనే సరిపెట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

కాశీ యాత్ర ప్యాకేజీ ఏది చూసినా అందులో ‘గంగలో బోటు షికారు’ అని ఒక లైను తప్పకుండా ఉంటుంది. ఈ ఉత్తరం ఆ లైను గురించే. మన రెండు రాష్ట్రాల నుంచి కాశీకి వెళ్లేవాళ్లకు లెక్కే లేదు, 2023 గంగా పుష్కరాలప్పుడైతే అక్కడి సందుల్లో ఎటు వెళ్లినా తెలుగే వినిపించింది. కానీ వాళ్లలో చాలామంది గంగ మీద పడవలో కూర్చుని కూడా కాశీని చూడకుండానే తిరిగొస్తున్నారు.

జరిగేదేమిటంటే, పొద్దంతా గుళ్లకు తిప్పి, చీకటి పడే వేళకు అందరినీ దశాశ్వమేధ ఘాట్ దగ్గర పడవ ఎక్కిస్తారు. అది ఒడ్డు నుంచి కాస్త జరిగి, అప్పటికే ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ పడవల గుంపులో చేరి ఆగిపోతుంది. టీ అమ్మే కుర్రాళ్లు ఒక పడవ అంచు మీంచి ఇంకో పడవలోకి దాటుకుంటూ పోతుంటారు, ముందున్నవాళ్లు ఫోన్లు పైకెత్తి లేచి నిలబడతారు, వెనకాల కూర్చున్న పెద్దవాళ్లకు వాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడవు. హారతి అయిపోగానే మళ్లీ ఒడ్డుకి. షికారు అయిపోయినట్టే! హారతిని నేను తక్కువ చేయడం లేదు, ఆ దీపాలను, ఆ శంఖనాదాన్ని నీళ్ల మీద నుంచి చూడటం గొప్పగానే ఉంటుంది. కానీ హారతిని మెట్ల మీద కూర్చుని కూడా చూడొచ్చు, కాశీ ఊరిని మాత్రం నది మీద నుంచే చూడాలి.

ఎందుకంటే అక్కడ గంగ ఉత్తర ముఖంగా, విల్లులా వంపు తిరిగి పారుతుంది. ఊరంతా పడమటి ఒడ్డునే ఉంది, ఎదురొడ్డున ఎక్కువగా ఇసుకే. అందుకే పొద్దున్నే ఎండ సూటిగా వచ్చి ఘాట్ల మీద పడుతుంది. అస్సీ ఘాట్ దగ్గర తెల్లవారకముందే ఎక్కి, ప్రవాహం వెంట నెమ్మదిగా పంచగంగ దాకా వెళ్తే చాలు, ఒక్కో మెట్ల వరుస మీదుగా వెలుగు కిందికి దిగుతూ ఉంటుంది, స్నానాలు చేసేవాళ్లు, సంధ్య వార్చేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, కుస్తీ పట్లు పట్టేవాళ్లు అందరూ కనిపిస్తారు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆ నిటారు మెట్లు పది దిగేసరికే కూలబడిపోయింది. 84 ఘాట్లూ నడిచి చూడటం ఆవిడ వయసు వాళ్లకు అయ్యే పని కాదు. వాళ్లకున్న దారల్లా పడవే, ఆ ఒక్కటీ హారతి గుంపులో వృథా చేస్తున్నాం.

ఆ దారిలో ఎంత చరిత్ర ఉందో చూడండి. చేత్‌సింగ్ ఘాట్ దగ్గర నీళ్లలోంచి గోడలు లేచినట్టు ఒక కోట ఉంటుంది. 1781లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ కాశీ రాజు చేత్‌సింగ్‌ని నిర్బంధించింది అక్కడే. రాజు తలపాగాలు ముడివేసి తాడులా చేసుకుని కిటికీలోంచి గంగలోకి దిగి తప్పించుకున్నాడని చెబుతారు, పడవలోంచి తలెత్తి ఆ కిటికీల ఎత్తు చూస్తే గానీ అదెంత సాహసమో తెలియదు. హరిశ్చంద్ర ఘాట్ దాటాక ఎరుపు తెలుపు చారల మెట్లు, గోడలు వస్తే అది కేదార్ ఘాట్, చూడగానే మన దక్షిణాది గుడి ముందుకొచ్చినట్టే ఉంటుంది. తొమ్మిది నిద్రలు చేసే మనవాళ్లు దిగే ఆంధ్రాశ్రమం ఆ దగ్గర్లోనే, మానససరోవర్ ఘాట్ వైపు. ఇంకా ముందుకెళ్తే మాన్‌సింగ్ మహల్, దాని రాతి గవాక్షం నది వైపు నుంచే బాగా కనిపిస్తుంది, పైకప్పు మీద జైపూర్ రాజు జైసింగ్ కట్టించిన ఖగోళ యంత్రాలున్నాయి. మణికర్ణిక పక్కన రత్నేశ్వర్ మహాదేవ్ గుడి ఒక పక్కకు ఒరిగిపోయి నిలబడి ఉంటుంది, వానాకాలంలో అది నీళ్లలో మునుగుతుంది. పంచగంగ ఘాట్ అయితే ప్రతి తెలుగువాడూ చూడాల్సిన చోటు. విజయనగరం ప్రాంతం నుంచి వెళ్లి దశాబ్దాల పాటు కాశీలో ఉండి 1887లో సిద్ధి పొందిన త్రైలింగ స్వామి వారి మఠం అక్కడే ఉంది. ఆ సంగతి మా పడవలో ఉన్నవాళ్లెవరికీ తెలియదు, చెప్పినవాళ్లూ లేరు.

చెప్పేవాళ్లు లేకపోవడమే పెద్ద లోటు. పడవ నడిపే నిషాదులకు ప్రతి ఘాట్ కథా నోటికొచ్చు, ఓపిగ్గా చెబుతారు కూడా, కాకపోతే హిందీలో. మన పెద్దవాళ్లు సగం అర్థమై సగం అర్థంకాక తలూపుతుంటే వెంట వచ్చిన ప్యాకేజీ మనిషి ఫోన్లో ఇంకో హోటల్ సంగతి మాట్లాడుకుంటూ కూర్చున్నాడు. ఆ ఒక్క గంటా ఆయన పక్కన కూర్చుని తెలుగులో చెబితే పోయేదేముంది?

ఇక లైఫ్ జాకెట్లు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి ఏం జరిగిందో మనకు ఇంకొకళ్లు చెప్పాలా? అయినా జాకెట్లు పడవలో ఒక మూల కుప్పగా పడుంటాయి, లేదా మెడలో వేసుకుని పట్టీలు కట్టుకోకుండా వదిలేస్తారు. పట్టీ బిగించని జాకెట్ నీళ్లలో పడగానే పైకి జారిపోతుంది, మనిషిని నిలబెట్టదు. ఉక్కగా ఉందని, చీర నలుగుతుందని తీసేయకండి, ఫోటో కోసం అందరూ ఒకే వైపుకి లేవకండి. వానాకాలంలో నీళ్లు పెరిగితే అక్కడ పడవలు ఆపేస్తారు, ఇంత దూరం వచ్చాం కదా అని పడవవాళ్లను బతిమాలి బలవంతం చేయడం చాలా తప్పు.

మరొకటి, మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్ల ముందుకు రాగానే మనవాళ్లు సెల్‌ఫోన్లు తీసి వీడియోలు మొదలుపెడుతున్నారు. అక్కడ కాలుతున్నది ఎవరింటి మనిషో! దయచేసి ఫోన్లు లోపల పెట్టుకోండి.

యాత్రలు నడిపేవాళ్లకు నా విన్నపం, బోటు షికారుని సాయంత్రం నుంచి తెల్లవారుజాముకి మార్చండి, హారతిని విడిగా ఒడ్డు మీద నుంచి చూపించండి. వెళ్లేవాళ్లు కూడా డబ్బు కట్టకముందే అడగాలి: ఏ ఘాట్ నుంచి ఏ ఘాట్ దాకా తీసుకెళ్తారు, ఎంతసేపు, పడవలో ఎంతమంది, అందరికీ జాకెట్లు ఉంటాయా, తెలుగులో చెప్పేవాళ్లు వస్తారా. నోటి మాటగా వద్దు, ప్యాకేజీ కాగితం మీద రాయించుకోండి.

ఇట్లు,
మీ పాఠకురాలు